రెండు రాళ్ల మధ్య ముప్పై గజాలు

గురువారం మధ్యాహ్నం కలప అడితి మేడ మీది గదిలో కూర్చుని, నడిమి సంఘం గుమాస్తా హోదాలో ఆమె దిగువ సంఘానికి ఘాటైన ఉత్తరం ఒకటి రాసింది. "మీ సరిహద్దు రాయిని మీరు ఎక్కడి నుంచి జరిపారో తిరిగి అక్కడే పాతించి, తక్షణం పూడిక తీయించగలరు." శనివారం ఉదయం కాలువ షట్టరు పక్కనున్న రేకుల గదిలో కూర్చుని, దిగువ సంఘం గుమాస్తా హోదాలో అదే ఉత్తరాన్ని అందుకుంది. అందినట్టు సంతకం పెట్టింది, కవరు చింపింది, అధ్యక్షుడికి చదివి వినిపించింది, ఆయన మండిపడుతూ చెప్పిన జవాబు రాసింది. "రాయి జరిపింది మేము కాదు, తమరే." మళ్లీ బుధవారం అడితి మేడ మీద ఆ జవాబును తనే అందుకుంది. పంతొమ్మిదేళ్లుగా ఇదే వరస.

వినేవాళ్లకి నవ్వొస్తుంది. ఆమెకూ మొదటి రెండేళ్లు వచ్చింది. తర్వాత రావడం మానేసింది.

కాలువ ఒక్కటే. ఎగువ చేల మురుగంతా మోసుకుంటూ ఏడు మైళ్లు నడిచి, చివర షట్టరు దాటి ఏట్లో కలుస్తుంది. నీళ్లకు అది ఒక కాలువే, మనుషులకే మూడు. ఎగువ సంఘం, నడిమి సంఘం, దిగువ సంఘం. మూడింటికీ మూడు గదులు, మూడు బీరువాలు, మూడు ముద్రలు, ముగ్గురు అధ్యక్షులు. ఒక్కోదాంట్లో నిండా వందమంది సభ్యులు లేరు. గుమాస్తాకు పూర్తి జీతం ఇచ్చే స్తోమత ఏ సంఘానికీ లేదు కాబట్టి, ముగ్గురూ కలిసి ఒకే మనిషిని పెట్టుకున్నారు. కాదు, కలిసి అనకూడదు, విడివిడిగా పెట్టుకున్నారు. సోమ మంగళవారాలు బడి వెనక గదిలో ఎగువ సంఘానికి, బుధ గురువారాలు అడితి మీద నడిమి సంఘానికి, శుక్ర శనివారాలు షట్టరు దగ్గర దిగువ సంఘానికి ఆమె గుమాస్తా. తన రోజు కాని రోజున ఆమె ఉన్నట్టు ఏ అధ్యక్షుడూ గుర్తించడు. ఎగువ సంఘం అధ్యక్షుడైన మాస్టారు ఒక బుధవారం రోడ్డు మీద ఎదురుపడి, ఇవాళ సెలవు పెట్టావా అని అడిగాడు. నిజంగానే అడిగాడు.

ఒక సంఘం ఉత్తరం ఇంకో సంఘానికి చేత్తో ఇవ్వకూడదని నియమం, రిజిస్టరు పోస్టులో వెళ్లాలి. పోస్టుమ్యాన్ మంచివాడు. కొత్తలో ఒకసారి, ఎలాగూ మీకే కదమ్మా, ఇక్కడే తీసేసుకోండి అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు, శనివారం షట్టరు దగ్గరికి రమ్మంది. అతను మూడు మైళ్లు ఎండలో సైకిలు తొక్కి వెళ్లి ఇచ్చాడు. ఆ రోజు అతని మొహం చూసి ఆమెకు సిగ్గేసింది, అయినా సంతకం మాత్రం తేదీ వేసి శుభ్రంగా పెట్టింది.

పొక్లెయిన్ సంగతి చెప్పుకుంటే ఇంకా కడుపు మండుతుంది. ఏటా ముగ్గురూ దాన్ని పట్నం నుంచే తెప్పిస్తారు. ఎగువ సంఘం పిలిస్తే ట్రైలర్ ఎక్కి వస్తుంది, ఎగువ రాయి దాకా తూడు, జమ్ము, పూడిక తీస్తుంది, మళ్లీ ట్రైలర్ ఎక్కి పట్నం పోతుంది. వారం తిరక్కుండానే నడిమి సంఘం పిలుస్తుంది. అదే యంత్రం, అదే ఆపరేటరు, అదే రాయికి ఈవైపు దిగుతాడు. దిగువ సంఘం పిలిస్తే మూడోసారి. రానూపోనూ బాడుగ మూడుసార్లు. ఇదేం లెక్క అని అడిగితే ఎవరి పని వాళ్లు చేయించుకోవడమే పద్ధతి అంటారు. ఆపరేటరు మాత్రం ప్రతిసారీ ఆమెను చూసి, ఈ ఊళ్లో కాలువ తవ్వడం కన్నా ఎక్కి దిగడమే ఎక్కువమ్మా అని గొణుగుతాడు.

ఇంత చేసీ నీళ్లు పోవు. ఎందుకు పోవంటే, నడిమి సంఘం రాయికీ దిగువ సంఘం రాయికీ మధ్య ముప్పై గజాలు ఎవరిదీ కాదు. నడిమి వాళ్లు తమ రాయి దగ్గర ఆగిపోతారు. దిగువ వాళ్లు తమ రాయి దగ్గర మొదలుపెడతారు. మధ్య ముప్పై గజాలు మీదంటే మీది. ఒకసారి తీస్తే అది తమదేనని ఒప్పుకున్నట్టు, ఇక జన్మంతా తీస్తూ ఉండాలి. అందుకని ఎవరూ ముట్టుకోరు. పైన శుభ్రమైన కాలువ, కింద శుభ్రమైన కాలువ, మధ్యలో గొంతుకు అడ్డం పడ్డ ముద్దలా ముప్పై గజాల జమ్ము అడవి. వాన గట్టిగా పడితే నీళ్లు అక్కడ ఆగి వెనక్కి తన్ని పక్కచేలలోకి పడతాయి.

ఆ పక్కచేనే ఆమె తమ్ముడిది. అంటే కౌలుది. ఒకప్పుడు ఆ మూడెకరాలూ వాళ్ల నాన్నవే. ఏటా ముంపు, ఏటా కుళ్లిన పైరు, చివరికి విసిగి వేసారి అమ్మేశాడు. నాన్న అమ్మిన చేనునే కొడుకు పోయి కౌలుకు తీసుకున్నాడు. ఎందుకురా అంటే, ఆ మట్టి నాకు తెలుసక్కా అన్నాడు. మట్టి తెలిస్తే చాలదని రెండేళ్లలో తెలిసింది. నిరుడు నలుగురు కూలీలను పెట్టుకుని ఆ ముప్పై గజాలనూ తనే నరకబోయాడు. జమ్ము వేళ్లు పలుగుకు కూడా లొంగలేదు సరికదా, సంఘం గట్టులో చెయ్యి పెట్టినందుకు సంజాయిషీ చెప్పమని నడిమి సంఘం నోటీసు, దిగువ సంఘం నోటీసు రెండూ వచ్చాయి. రెండూ అక్క రాసినవే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. రెంటినీ ఇంటికి తెచ్చి ఆమె ముందు పెట్టి, చేతిరాత బాగుందక్కా అన్నాడు.

ఈసారి కూడా పైరు పోతే కౌలు వదిలేసి, పెళ్లాం బిడ్డలతో పట్నం పోయి గోడౌన్లో మూటలు మోస్తానని చెప్పాడు. అతను బెదిరించే రకం కాదు. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచింది ఆమే కాబట్టి, చెప్పాడంటే చేస్తాడని ఆమెకు బాగా తెలుసు.

ఇంకోటి కూడా ఉంది. దిగువ సంఘం అధ్యక్షుడు ఎవరో కాదు, వాళ్ల పెదనాన్నే, నాన్నకు స్వయానా అన్న. రాయి జరిపించింది ఆయనేనని నాన్న నమ్మాడు. సొంత తమ్ముడి చేను మునిగినా పర్వాలేదు, తన సంఘానికి ముప్పై గజాల పని తగ్గితే చాలనుకున్నాడని ప్రతివాడితోనూ చెప్పుకున్నాడు. పెదనాన్నకు మాట పడే అలవాటు లేదు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. నాన్న పోయినప్పుడు ఆయన వచ్చి వీధిలోనే కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆమె మాత్రం శుక్ర శనివారాలు ఆయన దగ్గర పనిచేస్తూనే ఉంది. ఉద్యోగం ఉద్యోగమేనని నాన్నే అన్నాడు.

నిజమేమిటంటే, రాళ్లను ఎవరూ జరపలేదు. మొట్టమొదట కాలువను పంచుకున్నప్పుడు నడిమి వాళ్లు పైనుంచి కిందికి కొలుచుకున్నారు, దిగువ వాళ్లు ఏటి గట్టు నుంచి పైకి కొలుచుకున్నారు. ఎవరి గొలుసు వాళ్లది. ఏదో ఒక గొలుసుకు లింకులు తెగి కురచైనట్టుంది. రెండు కొలతలూ కలవక మధ్యలో ముప్పై గజాలు మిగిలిపోయాయి. ఆనాటి పటాల్లో రెండు రాళ్లూ ఇప్పుడున్న చోటే ఉన్నాయి. ఎవరి పటం వాళ్లు చూసుకుని తమ రాయి కదల్లేదని గట్టిగా తెలుసుకున్నారు, కాబట్టి కదిలింది ఎదుటివాడిదేనని ఇంకా గట్టిగా నమ్మారు. రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూస్తే చంటిపిల్లకైనా అర్థమవుతుంది. అలా చూడగలిగిన మనిషి ఆమె ఒక్కతే. ఒక బీరువా నడిమి గదిలో, ఒక బీరువా దిగువ గదిలో, రెంటి తాళాలూ ఆమె కొంగున.

ఉద్యోగంలో చేరిన ఏడాదే చూసింది. కానీ చేరేటప్పుడు ముగ్గురు అధ్యక్షులూ ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఒక సంఘం బీరువాలో చూసింది ఇంకో సంఘం గదిలో చెప్పకూడదని, చెబితే మూడు ఉద్యోగాలూ పోతాయని. ఇంట్లో తమ్ముడి బడి, నాన్న మందులు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అనుకుని నోరు మూసుకుంది. కొన్నాళ్లకు అది అలవాటై, తను ఏదో దాస్తున్నట్టు కూడా అనిపించలేదు.

ఈ ఏడాది ఇంజనీరు ఆఫీసు నుంచి ఒకే కాగితం మూడు ప్రతులుగా వచ్చింది. ఇంత చిన్న సంఘాలు విడివిడిగా బతకలేవు, మూడూ ఒకటైతే ఒక యంత్రం, ఒక బాడుగ, ఒక మరమ్మతు, ఖర్చు తలా కాస్త పడుతుంది, ఆలోచించండి అని. సభ్యులకు బుద్ధుంది. మూడు చోట్లా ఒక్క పూటలో సరే అన్నారు. అధ్యక్షులు ముగ్గురూ ఒకచోట కూర్చుని సంతకాలు చేయడమే మిగిలింది. ఆ ఒకచోటు ఏదో తేలడానికి నాలుగు నెలలు పట్టింది. మాస్టారు అడితి మెట్లెక్కడు. నడిమి సంఘం అధ్యక్షుడైన అడితి ఆసామి రేకుల గదిలో కూర్చోడు. పెదనాన్న బడి గుమ్మం తొక్కడు. ఆఖరికి ఆ ముప్పై గజాల గట్టు మీదే కుర్చీలు వేద్దామని ఖాయమైంది, ఎందుకంటే అది ఎవరిదీ కాదు. రోజు ఆదివారం, ఎందుకంటే ఆ రోజు ఆమె ఎవరి గుమాస్తా కాదు.

ఆ ఆదివారానికి సరిగ్గా మూడు రోజుల ముందు కుండపోత కురిసింది.

గట్టు మీద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క తమ్ముడి చేను. చేను అనడానికి ఏమీ కనిపించడం లేదు. బురద రంగు నీళ్ల మీద పైరు కొసలు మాత్రం పైకి చూస్తున్నాయి. మూడో రోజు. నాలుగో రోజు దాటితే మొదళ్లు కుళ్లుతాయి, ఆ తర్వాత నీళ్లు పోయినా ఒకటే, పోకపోయినా ఒకటే. తమ్ముడు మోకాళ్ల లోతులో నిలబడి, కొట్టుకొచ్చిన తూడును చేతులతో ఏరి గట్టు మీదికి విసురుతున్నాడు. నడిమి రాయి పక్కన పొక్లెయిన్ ఆగి ఉంది. ఆ ఉదయమే నడిమి సంఘం పని ముగించి, రాయి దగ్గరికి రాగానే అలవాటు ప్రకారం ఆగిపోయింది. దాని బకెట్టుకూ జమ్ము అడవికీ మధ్య జానెడు దూరం లేదు. నాలుగింటికి ట్రైలర్ వస్తుంది, ఎక్కితే ఆపరేటరు మళ్లీ పది రోజులకు గానీ రాడు, వేరేచోట మాట ఇచ్చేశాడు. ఆమె వెళ్లి అడిగింది, ఈ కాస్తా లాగేయ్ బాబూ అని.

"ఎవరు తీయమన్నట్టు రాసుకోనమ్మా?" అన్నాడు ఆపరేటరు. "కాగితం లేకుండా బకెట్టు దించితే నా మీద పడతారు. ముగ్గురూ పడతారు."

అతని మాటలో తప్పేం లేదు. ఆమె సంచిలో మూడు ముద్రలున్నాయి గానీ, ఆ ముప్పై గజాల మీద చెల్లే ముద్ర ఒక్కటీ లేదు. సంఘాలు కలిస్తే తప్ప ఆ స్థలానికి యజమాని పుట్టడు. అప్పటికి టైము రెండూ పది.

మొదలైతే బాగానే మొదలైంది. ఖర్చుల దగ్గర పేచీ రాలేదు. ఎకరాల లెక్కన పంచుకోవడానికి ముగ్గురూ తలూపారు. షట్టరు ఎత్తడం, దించడం గురించి పెదనాన్న కాసేపు బిగుసుకున్నాడు. మీ అందరి నీళ్లూ తెచ్చి మా నెత్తిన కుమ్మరిస్తారు, కింద ఉన్నవాడికే తెలుస్తుంది బాధ అన్నాడు. అందులో నిజముంది. వానకు ముందే షట్టరు ఎత్తి ఉంచేలా రాసుకున్నాక ఆయనా తగ్గాడు. కొత్త సంఘం పేరు దగ్గర అరగంట పోయింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఎవరి పేరు ముందుండాలో తేలక, ఆఖరికి పేరే వద్దు, మురుగుకాలువ సంఘం అంటే చాలన్నారు. ఆమె మూడు తీర్మానాల పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని, ప్రతి మాటా మూడింట్లో మూడుసార్లు రాస్తోంది. మూడుంపావు అయింది.

అప్పుడు మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ, ఇక గుమాస్తా విషయం అన్నాడు. కొత్త సంఘానికి ఒక్క గుమాస్తా చాలు కాబట్టి, అనుభవం దృష్ట్యా తమ సంఘం గుమాస్తానే ఉంచుదామన్నాడు.

అడితి ఆసామి వెంటనే అడ్డుపడ్డాడు. అదెలా కుదురుతుంది, మా గుమాస్తా ఉండగా అన్నాడు. పెదనాన్న గొంతు సవరించుకుని, మీ ఇద్దరి గుమాస్తాల సంగతీ నాకు తెలీదు గానీ మా పిల్లంత ఒద్దికైన మనిషి ఇంకెక్కడా దొరకదన్నాడు.

ఆమె కలం ఆగింది. వేళాకోళమేమో అనుకుని ముగ్గురి మొహాలూ చూసింది. ఒక్క మొహంలోనూ నవ్వు లేదు. గుమాస్తా కుర్చీ ఎక్కడ ఉంటే ఆఫీసు అక్కడ. మా గుమాస్తా అంటే మా గది, మా బీరువా, మా పెత్తనం. అందులో కూర్చునే మనిషి ఒకతేనన్న సంగతి వాళ్లకు తెలియక కాదు. దానికీ దీనికీ సంబంధం ఉన్నట్టు వాళ్లకు తోచలేదు, అంతే.

"మీ గుమాస్తా రాసే ఉత్తరాలు చదివితే ఒళ్లు మండిపోతుందండీ" అన్నాడు అడితి ఆసామి, పెదనాన్న వైపు తిరిగి. "మర్యాదా మన్ననా తెలీని రాతలు. అలాంటి మనిషిని మేం నెత్తిన పెట్టుకోవాలా?"

"మా పిల్ల ఉన్నమాట రాస్తుంది" అన్నాడు పెదనాన్న. "మీ గుమాస్తాదే మరీ పొగరు. మొన్నటి ఉత్తరంలో నన్ను పట్టుకుని రాళ్ల దొంగ అన్నంత పని చేసింది."

మాస్టారు పెద్దమనిషి తరహాగా ఇద్దరినీ శాంతింపజేశాడు. మీ ఇద్దరి గుమాస్తాలకూ ఇలా ఒకరంటే ఒకరికి పడదు కాబట్టే తమ గుమాస్తా మేలని, మిగతా ఇద్దరికీ మర్యాదగా వీడ్కోలు చెప్పి పంపుదామని అన్నాడు. ఆ మాటకు మిగిలిన ఇద్దరూ కుర్చీల్లోంచి లేచారు. లేచి, మా గుమాస్తా కాకపోతే ఈ కలయికా వద్దు, ఏమీ వద్దు, ఎవరి దారి వాళ్లదే అన్నారు.

ఆమెకు ఒక్కసారి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. దగ్గర్లో గోడ కూడా లేదు. పంతొమ్మిదేళ్లుగా ముగ్గురి మాటలూ ముగ్గురికి మోసి, ముగ్గురి కోపాలకూ చక్కటి వాక్యాలు అమర్చిపెట్టిన తనను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తన గురించే తనలాంటిది దొరకదని ఒకడు, తనంత పొగరుబోతు లేదని ఇంకొకడు. నేనే బాబూ ముగ్గురినీ అని చెబుదామని నోరు తెరిచింది. చెబితే ఏమవుతుందో కూడా వెంటనే తట్టింది. ఆ సంగతి మాకు తెలియదా, విషయం అది కాదమ్మా అంటారు. ట్రైలర్ రోడ్డు మలుపు తిరగడం కనిపించింది. చేలో తమ్ముడు తూడు ఏరడం ఆపి నడుం నిలిపి ఆమె వైపే చూస్తున్నాడు.

ఆమె తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది. మొదటి పుస్తకంలో, ఎగువ సంఘం గుమాస్తానే కొత్త సంఘం గుమాస్తాగా నియమించడానికి ముగ్గురు అధ్యక్షులూ సమ్మతించారని రాసింది. రెండో పుస్తకంలో నడిమి సంఘం గుమాస్తా అని రాసింది. మూడోదాంట్లో దిగువ సంఘం గుమాస్తా అని. మూడూ నిజమే, అక్షరం పొల్లు పోలేదు. లేచి ఎవరి పుస్తకం వాళ్ల ముందు తెరిచి పట్టుకుంది.

"మాట కుదిరిందండీ. ఎవరి పుస్తకంలో వాళ్లు చదువుకుని సంతకం పెట్టండి" అంది.

మాస్టారు చదివాడు. మిగతా ఇద్దరూ దిగొచ్చారని అర్థమై, గెలిచినవాడి హుందాతనంతో వాళ్ల వైపు చూసి తలూపి సంతకం చేశాడు. అడితి ఆసామి చదివి, ఎంతైనా పెద్దవాళ్లు, పోనిచ్చారన్నట్టు చిన్నగా నవ్వి సంతకం చేశాడు. పెదనాన్న రెండుసార్లు చదివాడు. చదివి, మిగతా ఇద్దరినీ మెచ్చుకోలుగా చూసి ఆయనా చేశాడు. ఒకరి పుస్తకం ఒకరు చూడకూడదన్న నియమాన్ని అంత నిష్ఠగా ఇంకెవరూ పాటించరు. చివర్న ఒక తెల్లకాగితం కూడా ముందు పెట్టింది. రెండు రాళ్ల మధ్య పూడికను సంఘం తరఫున ఈ రోజే తీయవలసిందని. అందరూ మంచి మూడ్‌లో ఉన్నారు, అదీ అయిపోయింది.

ఆ కాగితం పట్టుకుని ఆమె పరుగెత్తింది. ట్రైలర్ అప్పటికే వచ్చి నిలబడింది. ఆపరేటరు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, మూడు సంతకాలనూ వేలితో లెక్కపెట్టి, ఇంజను స్టార్ట్ చేశాడు.

మొదటి బకెట్టు జమ్మును వేళ్లతో సహా పెకిలించింది. నల్లటి బురద, దుబ్బులు, ఎప్పటివో తాటిమట్టలు, ఒక తుప్పు పట్టిన పార. రెండు, మూడు, పది. ముగ్గురు అధ్యక్షులూ గట్టు అంచున నిలబడి చూశారు. సగం తీసేసరికే మిగతాదాన్ని నీళ్లే నెట్టుకుని పోయాయి. పెద్ద చప్పుడుతో కింది కాలువలోకి దూకాయి. పై కాలువలో నీటి మట్టం చూస్తుండగానే తడి గీత వదిలి కిందికి జారింది. తమ్ముడు పార అందుకుని చేను గట్టుకు గండి కొట్టాడు. పైరు ఆకులు ఒక్కొక్కటీ బయటపడడం మొదలైంది, బురద పూసుకుని ఉన్నాయి గానీ పచ్చగానే ఉన్నాయి. ఆమె చేతి గడియారం చూసుకుంది. మొత్తం నలభై నిమిషాలు.

సంతోషం వస్తుందనుకుంది. రాలేదు. చెప్పులు గట్టు మీద వదిలి తమ్ముడి దగ్గరికి దిగింది. అతను పార ఆనుకుని, పోతున్న నీళ్లను తెల్లబోయి చూస్తున్నాడు.

"ఇంతేనా అక్కా?" అన్నాడు. "దీనికేనా నాన్న చేను అమ్ముకుంది?"

ఆమె వంగి, కాళ్లకు చుట్టుకున్న తూడు తీసి పక్కన పడేసింది.

"అయినా పెదనాన్న ఎలా నిలబడి చూస్తున్నాడో చూడు" అన్నాడు. "నాడు రాయి జరపకపోతే ఇంత దాకా వచ్చేది కాదుగా."

"ఆయన జరపలేదురా. ఎవరూ జరపలేదు."

"నీకెలా తెలుసు?"

"రెండు పటాలూ నా దగ్గరే ఉన్నాయి. కొలతలోనే తప్పు పడింది. రెండు రాళ్లూ మొదట్నుంచీ ఉన్నచోటే ఉన్నాయి."

అతను ఆమె వైపు తిరిగాడు. "ఎప్పుడు చూశావు?"

"చేరిన ఏడాది."

అతను మనసులో లెక్క కట్టుకోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది. నాన్న చేను అమ్మింది దానికి నాలుగేళ్ల తర్వాత. పోయింది ఇంకో ఆరేళ్లకు. ఆ పదేళ్లూ సాయంత్రాలు వరండాలో కూర్చుని నాన్న అన్నగారిని తిట్టుకుంటుంటే, లోపల దీపం దగ్గర ఆమె తమ్ముడికి లెక్కలు చెబుతుండేది. చెబితే ఉద్యోగం పోయేది, నీ బడి ఆగిపోయేది అని ఆమె అనవచ్చు. అది నిజం కూడా. కానీ నాన్న పోయాక కూడా ఎందుకు చెప్పలేదు, తమ్ముడు కౌలుకు దిగినప్పుడైనా ఎందుకు చెప్పలేదు, ఆ రెండు నోటీసులు రాస్తున్నప్పుడైనా ఎందుకు నోరు పెగల్లేదు అంటే ఆ సాకు చెల్లదు. ఇన్నేళ్లూ ముగ్గురు మూర్ఖుల మధ్య తను ఒక్కతే తెలివిగలదాన్ని అనుకుంటూ బతికింది. వాళ్ల మీద అంత విసుగు పడ్డ మనిషికి ఇప్పుడు వాళ్ల మీద కోపమే రాలేదు. ఉన్నదంతా తన మీదే వచ్చింది.

తమ్ముడు తిడతాడని చూసింది. తిడితే బాగుండుననుకుంది. అతను పారకు అంటిన బురదను కాలితో గీకాడు.

"నాకు చెప్పి ఏం లాభం?" అన్నాడు చివరికి. "వెళ్లి ఆయనకి చెప్పు. చేయని తప్పుకి సొంత తమ్ముడు పోయినా ఇంట్లోకి రాలేక వీధిలో నిలబడ్డాడు."

ఆమె గట్టెక్కింది. మాస్టారు, అడితి ఆసామి అప్పటికే రోడ్డు వైపు నడుస్తున్నారు, కొత్త ఆఫీసు తమ గదిలోనేనని ఎవరికి వాళ్లు నిశ్చింతగా ఉన్నారు. పెదనాన్న ఒక్కడే కుర్చీలో కూర్చుని, తేలుతున్న చేను వైపు చూస్తున్నాడు. వయసు మీదపడ్డ చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. పుస్తకాలతో వస్తున్న ఆమెను చూసి, అలవాటుగా చొక్కా జేబు తడుముకుని పెన్ను తీశాడు.

"ఇంకా ఎక్కడమ్మా సంతకం?" అన్నాడు.

"సంతకం కాదు పెదనాన్నా" అని ఆమె పక్క కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "నాన్న గురించి."